మంచుకొండ మీద ఎండు నెత్తళ్ళు

మా అన్నగారు యుద్ధంలో పోయినప్పటి నుంచి వదినగారిది ఒకటే ప్రశ్న. ఆ రోజు ఆయన ఏమైనా తిన్నారా, లేదా? ఇంటికి వచ్చిన సైనికాధికారులు ఎంతో గౌరవంగా మాట్లాడారు. ఆ సంగతి మాత్రం వాళ్ళకు తెలియదు.

జవాబు నిరుడు ఒక బ్లాగులో దొరికింది. ఆ మంచుకొండ మీద అన్నగారితో ఒకే బంకరులో ఉన్న మాజీ సైనికుడు తన యుద్ధం రోజుల గురించి అందులో రాస్తున్నాడు. మొగల్తూరు అవతల, చేపలవేటే బతుకైన కుటుంబం అతనిది. వదినగారు ఫోనులో చదివి నాకు చూపించారు. అతను ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళు ఆ రోజు పొద్దున్నే స్టవ్ మీద కాల్చి పెడితే, అన్నగారు ఇంకా కావాలని అడిగి తిన్నారట. సాయంత్రం షెల్ పడింది.

పరువు తక్కువని మా ఇంట్లోకి ఎండుచేప ఎన్నడూ రానివ్వలేదు. పొలాలు పోయాయి. తాతగారు తీర్పులు చెప్పిన సావిడిలో ఇప్పుడు రొయ్యల మేత బస్తాలున్నాయి, అద్దెకు. ఆ కట్టుబాటు ఒక్కటే మిగిలింది. అందుకే ఆ మాట తీసేయించడానికి నేనే వెళ్ళాను.

అతను వాకిట్లో కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"తీసేత్తానండి. మరి ఏం తిన్నారని రాయమంటారు, పూతరేకులనా?"

"ఏమీ రాయొద్దు."

"అప్పుడు పస్తుతో పోయారనుకుంటారండి. మీ వదినగారు కూడా." నవ్వాడు. "తింటా తింటా అన్నారండి, 'మా తమ్ముడికి తెలిస్తే గుమ్మం ఎక్కనివ్వడురా' అని."

తీసేయమని మళ్ళీ అడగకుండా వచ్చేశాను. ఆ మాట బ్లాగులో అలాగే ఉంది.

అన్నగారు పోయిన రోజున ఫోటో ముందు ఆకు వేసి, ఆయనకు ఇష్టమైనవి వడ్డించడం మా ఆనవాయితీ. ఏటా కోడికూర, పూతరేకులు పెట్టేవాళ్ళం. ఈసారి వదినగారు నెత్తళ్ళు తెప్పించారు.

"కిటికీలు వేయండి. వాసన వీధిలోకి పోతుంది" అన్నాను.

"సావిట్లో బస్తాల వాసన దేనిదనుకున్నారు, మల్లెపూలదా? ఆ మేతా ఎండుచేపల పొడే."

కిటికీలు తెరిచే ఉన్నాయి. వడ్డించాల్సింది ఇంటి మగవాడు కనుక, చిన్న గరిటెతో కాస్త తీసి ఆకు చివర వేశాను.

"ఇంకాస్త వెయ్యండి" అన్నారు వదినగారు. "అడిగి తిన్నారట కదా."

వేశాను.