డెల్మర్ స్టిడమ్ స్టేజీ ఎక్కడు

డెల్మర్ స్టిడమ్ స్టేజీ ఎక్కడు. కెంటకీ కొండల్లో పాతికేళ్ళు పాటలు పాడుకుని బతికిన మనిషి, మొదటి కొన్ని వారాలు తప్ప, నలుగురి ముందు నేల విడిచి జానెడెత్తున నిలబడి ఒక్క చరణం కూడా పాడలేదు. స్కూల్లో వేదిక ఉంటే దాని ముందు నేల మీద నిలబడేవాడు. సంతలో ట్రాక్టరు ట్రాలీనే వేదిక చేస్తే, దాని చక్రానికి ఆనుకుని పాడేవాడు. మనిషి చూస్తే అయిదడుగుల మూడంగుళాలు. మూడో వరస దాటినవాళ్ళకి టోపీ తప్ప ఏమీ కనబడదు. వెనకవాళ్ళు ఎవరో రేడియో పెట్టారనుకుని కబుర్లలో పడేవాళ్ళు. ఒకసారి పత్రికవాళ్ళు ఫోటో వేశారు. అందులో పదకొండు మెడలూ, ఒక టోపీ ఉన్నాయి. కింద "మన గాయకుడు" అని రాశారు.

నా పేరు లోయెల్ కూంబ్స్. మొదటి ఏడాది నుంచీ అతని పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో స్టీల్ గిటారు పెట్టుకుని వాయించినవాణ్ణి. ఆరేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమకాలికి ఇనుప పట్టీలు పడ్డాయి. నోటికి ఏ పట్టీ పడలేదు కాబట్టి, డెల్మర్ పిరికిగొడ్డని ఊరూరా చాటింది నేనే.

ఎందుకెక్కవంటే మనిషికో కారణం చెప్పేవాడు. పాస్టరు గారితో, "పాట నేలలోంచి వస్తుందండీ, పైకెక్కితే చెడిపోతుంది" అన్నాడు. సంత పెద్దతో కళ్ళు తిరుగుతాయన్నాడు. పత్రికాయనతో అయితే కళ్ళొత్తుకుంటూ, "మా తాత స్టేజీ మీంచి పడే పోయాడండీ" అన్నాడు.

ఆ తాత అప్పుడు మొదటి వరసలో కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాడు.

"నేనెప్పుడు పోయాన్రా?"

"నువ్వు కాదు తాతా, అమ్మ వాళ్ళ నాన్న."

"వాడు బావిలో పడి కదరా పోయింది!"

"ఆ బావి పక్కనే స్టేజీ ఉండేది!"

ఇదంతా నవ్వులాటగా ఉన్నంతకాలం బాగానే ఉంది. పంతొమ్మిదివందల యాభై ఆరులో లూయివిల్ పట్నం నుంచి పిలుపొచ్చింది. పెద్ద రేడియో ప్రదర్శన. ఆ రాత్రి బాగా పాడితే రికార్డుల కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉంది. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను. హాల్లో అడుగు పెట్టగానే డెల్మర్ వేదిక వైపు కాదు, దాని మెట్ల వైపు చూశాడు. మొత్తం తొమ్మిది.

"మైకు కిందికి దింపండి" అన్నాడు.

ప్రదర్శన నడిపే ప్రిచర్డ్ నవ్వాడు. అది హాస్యం కాదని తెలిశాక ఎర్రబడ్డాడు.

"ఏమయ్యా, ఆ తొమ్మిది మెట్లూ ఎక్కితే నీ గొంతు ఆరు రాష్ట్రాల్లో వినబడుతుంది!"

"కింద నుంచి పాడితే మూడు రాష్ట్రాల్లోనే వినబడుతుందా అండీ?"

"ఇక్కడ నియమాలు నేను పెడతాను."

"పెట్టుకోండి. పాటలు నేను పాడతాను."

"ఈ గుమ్మం దాటావంటే మళ్ళీ పిలవం!"

"దానికి మెట్లు లేవుగా, దాటడం సులువే" అని టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. నేను కాలీడ్చుకుంటూ వెనకాల వెళ్ళాను. దారి పొడుగునా తిట్టాను. "నీ బతుకు నువ్వు తగలేసుకో, నాది కూడా ఎందుకురా తగలేశావ్?" అన్నాను. డెల్మర్ ఈలవేస్తూ ట్రక్కు నడిపి, "బీన్సూ, మొక్కజొన్న రొట్టే తిందామా?" అన్నాడు. తరవాత అతను చేసిన ఒకే ఒక్క రికార్డు దాణా కొట్టులో, నేల మీద నిలబడి చేసిందే. పాట చివర కోడి కూత వినబడుతుంది.

ఆరేళ్ళ తరవాత ఒక ఏప్రిల్ ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. డెల్మర్ పశువుల కొట్టం కప్పు మీద, ముప్పై అడుగుల ఎత్తున ఒంటికాలి మీద నిలబడి రేకులు బిగిస్తున్నాడు. పైగా పాడుతున్నాడు.

"ఆర్లీన్! మీ ఆయన పడిపోతాడు! కళ్ళు తిరుగుతాయి!" అని గావుకేక పెట్టాను.

డెల్మర్ భార్య ఆర్లీన్ తాపీగా కాఫీ తెచ్చింది. "ఆయనకా? పెళ్ళికి ముందు నీళ్ళ ట్యాంకులకి రంగులేసేవాడు."

"మరి స్టేజీ అంటే?"

ఆమె కాఫీ నా చేతికిచ్చింది. "మార్ల్ ఫోర్క్ సంత మర్చిపోయావా లోయెల్?"

మర్చిపోలేదు. మొదటి ఏడాది అక్కడ ఇద్దరు మనుషులు నన్ను బంగాళాదుంపల బస్తాలా ఎత్తి స్టేజీ మీద పెట్టారు. నేనింకా తీగ మీటకముందే జనం జాలిగా చప్పట్లు కొట్టారు. ఇంటికొస్తూ గిటారు అమ్మేస్తానన్నాను.

"ఆ తరవాతి శనివారం నుంచే ఆయనకి స్టేజీ భయం పట్టుకుంది" అంది ఆర్లీన్.

కాఫీ అక్కడే పెట్టేశాను. కొట్టం కిందికెళ్ళి అరిచాను. "దిగరా కిందికి!"

"కోపంగా ఉన్నావు. తగ్గాక దిగుతా."

"నా కోసం ఇదంతా చెయ్యమని నేనడిగానా?"

"అడిగితే చేసేవాణ్ణి కాదు. ఒకరు చెబితే నేనెప్పుడు విన్నాను?"

"పెద్ద పేరొచ్చేది కదరా!"

"ఉన్న పేరు చాల్లే. నీ గిటారు లేకపోతే నా పాటకి నాకే నిద్రొస్తుంది. ఆ మేకులందించు."

డెబ్బై నాలుగులో మా ఊరి స్కూలుకి కొత్త హాలు కట్టారు. వేదికకి మెట్లు కాకుండా పక్కనుంచి ఏటవాలు దారి పెట్టారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, కుర్చీలో కూర్చుని పిలిచాను. "రారా డెల్మర్! ఇంక వంకేముంది?"

అతను కింద నిలబడి తల అడ్డంగా ఊపాడు. "పాతికేళ్ళ నుంచి ఎక్కనంటున్నాను. ఇప్పుడెక్కితే నా మాటకి విలువేముంటుంది?"

ప్రిన్సిపాల్ బతిమాలాడు. తొంభై దాటిన తాత ఊళ్ళోవాళ్ళందరి ముందూ తిట్టాడు. వినలేదు. చివరికి నేను పైన వాయించాను, అతను కింద పాడాడు. అయిదొందల మంది జనానికి నేనొక్కణ్ణే కనబడ్డాను.

ప్రదర్శన అయ్యాక పక్క ఊరి ముసలావిడ ఒకామె ఆ రికార్డు పట్టుకుని, ఆయాసపడుతూ నా దగ్గరికి ఎక్కి వచ్చింది.

"స్టిడమ్ గారూ, ఎంత గొంతండీ మీది! పెదవి కదపకుండా ఎలా పాడతారో! దీనిమీద ఒక్క సంతకం పెట్టరూ?"

నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ వెనక, కింద, డెల్మర్ నోటి మీద వేలు పెట్టుకుని 'పెట్టు, పెట్టు' అని కళ్ళెగరేస్తున్నాడు.

పెట్టాను. స్టిడమ్‌లో ఒక అక్షరం తప్పు రాశానని ఇప్పటికీ నన్ను దెప్పుతూనే ఉంటాడు.