ఉండే మందు

మా మేడమీద అద్దెకుండే కాలేజీ టీచరమ్మ పోయిందని మొన్న సోమవారం కుప్పం నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. సెలవుకు సొంతూరు పోయిన మనిషికి గుండె ఆగిపోయిందట. మదనపల్లెలో బస్సెక్కేటప్పుడు, చేరినాక ఫోన్ చెయ్యమ్మా అని నాలుగుసార్లు చెప్పాను. చేసింది. అంతటితో భయపడడం మానేశాను.

పుంగనూరులో మూడో తరగతితో బడి మానేసినదాన్ని నేను. ఆమె కంప్యూటర్ పొద్దస్తమానం తిరుగుతుంటే కాలిపోతుందేమోనని పైకెక్కి చూసేదాన్ని. తెరమీద రంగుల ముద్ద, దాని గుంతలో చిన్న ముక్క. ముద్ద డెంగీ వైరస్‌దట, ముక్క మందట.

"కొత్త మందు చెయ్యాలంటే ఏండ్లు పడతాది అవ్వా. వేరే జబ్బులకిచ్చే పాత మందుల్లో ఏదన్నా ఈ గుంతలో అతుక్కుంటాదేమోనని సూస్తాండాను. ఈడ అతుక్కుంటే సాలదు. ల్యాబులో సూడాల, మనుషుల్లో సూడాల."

నా చెవికెక్కింది పాత మందు అన్న మాటొకటే.

ముందటేడు వానాకాలంలో నాకు జ్వరం తగిలింది. వీధిలో ఇద్దరికి డెంగీ అన్నారు. మా ఆయన పోయి ఆరేళ్ళయినా ఆయన మాత్రలు బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. మీకు నవ్వులాటగా ఉంటుంది గానీ, ఒకటి మింగి, మిగతావి పైకి తీసుకుపోయాను.

"ఇవిగోమ్మా పాత మందులు. నీ మిషన్లో ఎయ్యి."

నవ్వబోయి మాత్రల అట్ట వైపు చూసింది. "మింగినావా?"

"ఒకటే. కాఫీతో."

చెప్పులైనా వేసుకోకుండా ఆటో పిలిచింది. అది షుగర్ మాత్ర. నాకు షుగర్ లేదు. సాయంత్రం దాకా ఆస్పత్రిలో నా మంచం పక్కనే కూర్చుంది. ఈ వయసులో ప్రయోగాలేంటని డాక్టర్ కోప్పడితే, నాకు బదులు ఆమె తలవంచుకుంది.

"తప్పు నాది అవ్వా," అంది తిరిగొస్తూ. "పాత మందు అనినాను. డేటు అయిపోయినేది కాదు, ఇప్పుడు వాడకంలో ఉండే మందు."

ఆ తర్వాత కాలేజీ పిల్లలతో మాట్లాడినా "ఉండే మందు" అనే అనేది.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు నా డబ్బా బోర్లించి, డేటు అయిపోయినవన్నీ ఏరేసింది. ఆయన గుర్తుగా ఒకటైనా ఉండనీయమ్మా అంటే, మాత్రలు పిండేసి ఖాళీ అట్ట నా చేతిలో పెట్టింది. అప్పటి నుంచి ఏ మాత్ర తెచ్చుకున్నా మెట్ల కింద నిలబడి అట్ట పైకెత్తేదాన్ని. పైనుంచి వంగి చూసి, "ఉండే మందే అవ్వా, ఏసుకో," అనేది.

నిరుడు ఒక మందు కంప్యూటర్లో బాగా అతుక్కుందని స్వీటు తెచ్చింది. ల్యాబులో అది పని చెయ్యలేదు. నేను కళ్ళు తుడుచుకుంటే, "ఇది కాదని తెలిసింది గదా అవ్వా. ఇంకోళ్ళకి ఆ తిప్పలు తప్పినాయి," అని మళ్ళీ కంప్యూటర్ ముందే కూర్చుంది.

నిన్న తమ్ముడొచ్చి కంప్యూటర్ తీసుకుపోయాడు. ఆ చప్పుడు లేక నాకే చెవుడు వచ్చిందేమోనని గిన్నె కొట్టి చూసుకున్నాను.

ఈ పొద్దు ఒళ్ళు వెచ్చగా ఉంది. డబ్బాలో జ్వరం మాత్రలున్నాయి. డేటు అక్షరాలు నా కళ్ళకు ఆనవు. మెట్ల కిందికి పోయి అట్ట పైకెత్తాను. చెయ్యి గుంజేదాకా దించలేదు.