చెవి తెరుచుకోని రోజు

అమెరికాలోని అల్ఫారెట్టాలో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే జితేందర్‌కి వేసవి అంటే పెన్సకోలా సముద్రంలో మునిగి ఉన్న, ఒకప్పుడు ఓడల్ని లాగిన ఒక పాత టగ్‌బోటు. చేపలు చేరతాయని దాన్ని కావాలనే అరవై అడుగుల లోతున ముంచారు. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని ఏటా అక్కడికి దిగేవాడు. దాని ముందుభాగం ఇసుకలో కూరుకుపోయింది. వెనుకభాగంలో తెగిన గాలపు దారాలు వేలాడుతుంటాయి.

భార్య త్రివేణి యాభై దాటాక ఈత నేర్చుకుంది. ఈ వసంతంలో డైవింగ్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. ఇద్దరూ కలిసి ఆ టగ్గు దగ్గరికి దిగడం ఇదే మొదలు.

దారిలో ఆమె కారు అద్దం దించింది.

"కారంత విక్స్ వాసనొస్తుంది. జలుబు చేసిందా మీకు?"

"ఏసీ పడ్తలేదు."

"ఇన్నేండ్లు పడ్డ ఏసీ ఇయ్యాలనే పడ్తలేదా?"

ఒప్పుకుంటే మిరియాల పాలు, ఆవిరి, ట్రిప్ క్యాన్సిల్. అతను మాట మార్చాడు. "టగ్గు వెనకకు మాత్రం పోకు. నా పక్కకే ఉండాలె."

"ఉంట. ఇంట్ల ఉన్నట్టే."

పడవ మీంచి నీళ్ళలోకి పది అడుగులు దిగేసరికి అతని ఎడమ చెవిలో సూది దిగినట్టయింది. ముక్కు మూసి ఊదాడు. చెవి తెరుచుకోలేదు. కాస్త పైకి వచ్చి మళ్ళీ దిగాడు. అదే నొప్పి. కింద నుంచి చూస్తున్న త్రివేణికి చెవి చూపించాడు. క్లాసులో నేర్పినట్టే ఆమె కూడా పైకి వచ్చేసింది.

"జలుబే గదా?"

అతను మాస్కు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"సరే, పడవ ఎక్కుదాం పాండ్రి."

ఆమె గొంతులో కోపం లేకపోవడమే అతనికి కష్టంగా తోచింది. పడవలో గైడుగా వచ్చిన మేగన్ అనే అమ్మాయి, తను తీసుకెళ్తానంది. త్రివేణి అతని వైపు చూసింది.

"పో," అన్నాడు. "వెనకకు పోకు."

ఊపిరి గొట్టం నోట పెట్టుకుని, పడవ పక్కన నీటి మీద బోర్లా తేలుతూ కిందికి చూశాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. టగ్గు మీద ఇద్దరు చిన్న మనుషులు. కాళ్ళకు పసుపు ఫిన్స్ తొడుక్కున్నది త్రివేణి. మేగన్ టగ్గు వెనక వైపు తిరిగింది. త్రివేణి ఆమె వెంట వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది?

పసుపు ఫిన్స్ ఆడుతున్నాయి, మనిషి మాత్రం ముందుకు కదలడం లేదు. గాలపు దారం సిలిండర్‌కి చిక్కి ఉంటుంది. అది ఆమెకు కనబడదు. మేగన్ వెనక్కి తిరగలేదు. బుడగలు గుంపులుగా పైకి వస్తున్నాయి. అతను గొట్టంలోంచి అరిచాడు. ఊపిరి బిగబట్టి తలకిందులుగా దూకాడు. చెవిలో ఏదో చిరిగింది. నీళ్ళు గిర్రున తిరిగాయి, పైవైపు ఎటో తెలియలేదు. ఎలాగో పడవ తాడు చేతికి దొరికింది.

మళ్ళీ ముఖం నీళ్ళలో పెట్టాడు. టక్, టక్, టక్. ఆ శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియలేదు. త్రివేణి కదలడం మానేసి, కత్తి పిడితో తన సిలిండర్‌ని కొడుతోంది, తొందర లేకుండా. మేగన్ తిరిగి వచ్చి దారం కోసింది. ఆ తర్వాత ఇద్దరూ పైకి రాలేదు. టగ్గు ముందు వైపుకి వెళ్ళారు.

పడవ ఎక్కాక అడిగాడు. "ఎట్లుండె?"

"మస్తుండె. దుప్పటంత చేప జూసిన." ఆమె ఆగింది. "మెడ మీద గా రక్తమేంది?"

"దారం చిక్కింది గదా. జూసిన."

"జూసి మళ్ళ దిగిన్రా?" తువ్వాలుతో అతని చెవి కింద అద్దింది. "ఒత్తి పట్టుకోండ్రి."

"ఇగ చాలు త్రివేణీ."

"అందరు ఇంకోసారి దిగి ఎక్కేదాక పడవ కదలదు. నేను గూడ వస్తనని మేగన్‌కు చెప్పిన."

"వద్దు."

"మీరు నా పక్కకుంటే ఏం జేద్దురు? దారమే కోద్దురు. ఆ పిల్ల కోసింది."

అతను కొత్త సిలిండర్ తెచ్చి ఆమె డైవింగ్ జాకెట్‌కి బిగించాడు. పట్టీ లాగి చూశాడు. వాల్వు తెరిచి తల వంచాడు. చెవిలోని హోరులో గాలి శబ్దం వినబడలేదు.

"వస్తుందా?" అని ఆమెనే అడిగాడు.

"వస్తుంది," అంది త్రివేణి మాస్కు సర్దుకుంటూ.