నీళ్ల డాక్టరు

మా తమ్ముడు గంగాధరాన్ని డాక్టరు చెయ్యడానికి కురబలకోటలో మా నాయన గొర్రెల మంద మొత్తం అమ్మేశాడు. డెబ్భై మూడులో వాడు మదనపల్లెలో ఆస్పత్రి పెట్టాడు. రోగి గుమ్మంలో దగ్గితే చాలు, అది బీడీ దగ్గో క్షయ దగ్గో లోపలినుంచే చెప్పేవాడు. అంత చెవి వాడిది.

పెళ్లయ్యాక పుంగనూరు మామ వాడికి కుప్పం దగ్గర రాతి క్వారీ చూపించాడు. స్టెతస్కోపు మేకుకెక్కింది, ఇంటిముందుకు కారొచ్చింది. నేను గమ్మునుండే మనిషిని కాను.

"మనుషుల్ని ముట్టే చేత్తో బండల్ని ముడతావంట్రా?"

"బండలకి నొప్పి తెలీదులే అక్కా" అని నవ్వాడు.

ఎనభై మూడులో కరువొచ్చి కుప్పం చుట్టూ బావులు ఎండిపోయాయి. క్వారీకి నీళ్లు తెచ్చే ట్యాంకరును వాడు పల్లెలకు తిప్పాడు. రాతికి తూట్లు వేసేటప్పుడు దుమ్ము లేవకుండా మిషను దగ్గర పోసే నీళ్లవి. అవి లేకుండానే మిషను నడిచింది. ఎట్లా నడుస్తోందని అడక్కుండా, పని ఆపనందుకు మేస్త్రీని మెచ్చుకున్నాడు కూడా. చదివిన చదువంతా ఆ రోజు ఏ మేకుకు తగిలించాడో.

జనం వాణ్ణి నీళ్ల డాక్టరన్నారు. ఆ పేరు వాడికి తీపెక్కింది, వానలు పడ్డాక కూడా ట్యాంకరు పల్లెలకే పోయింది. నేను మాత్రం తక్కువా? పుంగనూరు సంతలో నలుగురు వినేలా మా తమ్ముడేనని చెప్పుకున్నాను.

ఎనభై ఏడులో పుంగనూరులో బీదలకు ఉచిత ఆస్పత్రి కట్టాడు. ప్రారంభం రోజున షామియానా, మైకు, పూలదండలు. వాడి పేరు చెక్కిన నల్లరాతి పలకను క్వారీనుంచి తెచ్చినవాడు తిమ్మప్ప, అక్కడ మిషను నడిపే మనిషి. పలకను గోడకు ఆనించి దగ్గాడు. పట్టుపంచెలో అటు పోతున్న మా తమ్ముడు టక్కున ఆగిపోయాడు.

"ఈ దగ్గు ఎప్పట్నించి?"

"రెండేండ్లుగా ఉండాది సార్. మిషను కాడ అందరికీ ఉండేదేలే. బెల్లంముక్క నోట్లో ఏసుకుంటే సర్దుకుంటాది."

"నీళ్లు పోసే గదా తూట్లు ఏసేది?"

"నీళ్లు యాడివి సార్? మీరు ఊళ్లకి పంపిస్తాండారు గదా. ఒకసారి అడగబోతే, దర్మం నీళ్లకి అడ్డం పడతావా అని మేస్త్రీ తిట్టె. ఆయప్ప అనిందీ నిజమే. మా ఇంట్లో గూడా ఆ నీళ్లే తాగేది."

వాడు తిమ్మప్పను వెనక్కి తిప్పి వీపుకు చెవి ఆనించాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తల ఎత్తేసరికి చెంపంతా రాతి దుమ్ము.

"మొగం తుడుసుకోరా, జనం సూస్తాండారు" అన్నాను.

"సూడనీలే అక్కా" అన్నాడు.

నీళ్ల డాక్టరుగారు వేదికమీదికి రావాలని మైకులో పిలుస్తూనే ఉన్నారు. వాడు పోలేదు. పలకను గోడవైపుకు తిప్పించి, తిమ్మప్పను మొదటి మంచంమీద పడుకోబెట్టాడు. మర్నాడే క్వారీకి నీళ్లు పోయాయి. పల్లెలకు వేరే ట్యాంకరు పెట్టాడు. మేకుమీది స్టెతస్కోపు దించి మిషను మనుషులందరినీ చూశాడు. లోపలికి పోయిన దుమ్ముకు మాత్రం మందు లేదని వాడికే బాగా తెలుసు.

మరుసటేడు తిమ్మప్ప పోయాడు. కర్మలయ్యాక అతని భార్య మునెమ్మ మా ఇంటికొచ్చింది. ఎండన పడి వచ్చిందని చెంబుతో నీళ్లిచ్చాను. చెంబు చేతిలో ఉండగానే మా తమ్ముడి కాళ్లకు మొక్కబోయింది.

"కరువులో నా బిడ్డలకి నీళ్లిస్తివప్పా. మా ఆయన కడదాకా అదే సెప్పె."

వాడు కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆ మొక్కు తీసుకుని ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. నేనైతే తల ఎత్తలేదు.

"మొక్కొద్దు మునెమ్మా" అన్నాడు. "ఆ నీళ్లు మిషను కాడ ఉండుంటే మీ ఆయన బతికుండేవాడు. నాకు తెలిసుండాల్సింది. నేను డాక్టర్ని."

మునెమ్మ చెంబు వైపు చూసింది. తాగకుండానే నా ముందర పెట్టి, ఎండలోకి పోయింది.