లచ్చయ్య తుపాకికి నేను రాసిన చీటీ

రిటైర్మెంటుకు రెండేండ్లుండంగ నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం దిక్కు, అడవి అంచున ఉన్న ఒక పోలీస్ స్టేషన్‌కు ఎలక్షన్ డ్యూటీ మీద పంపిండ్రు. నాది ఆర్మరర్ పని, అంటే ఆయుధాల మరమ్మతు. హోదా హెడ్ కానిస్టేబుల్. ఎలక్షన్ కోడ్ పడితే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌ల జమ చెయ్యాలె. కోడ్ ఎత్తేసినంక ఒక్కొక్కటి చూసి, పనికొస్తదో లేదో చీటీ రాసుడు నా పని.

అట్ల నా బల్ల మీదికొచ్చింది ఆ పక్క ఊరి రైతు లచ్చయ్య తుపాకి. పన్నెండు బోర్ సింగిల్ బారెల్. గొట్టం మడిచి ఒక్క తూటా పెట్టాలె, కాల్చాలె, మళ్ల మడవాలె. వాళ్ల నాయన నాటిది, కట్టె పగిలితే రాగితీగ చుట్టిండు. పంట రక్షణకని ఇచ్చిన లైసెన్సు. మక్కకంకి పాలు పట్టంగనే అడవిపందులు దిగుతయ్. పొద్దుమీకంగ గట్టు మీద నిలబడి ఆకాశంలకు ఒక్కటి పేలిస్తే ఇగ ఆ దిక్కు రావు. మూడెకరాల మక్క ఆ ఒక్క చప్పుడు మీదనే ఇంటికొచ్చేది.

చేతికి తీసుకున్నంక నాకు దాన్ని కింద పెట్టబుద్ధి కాలె. సర్వీసంత సర్కారు రైఫిళ్లు తుడిచినోన్ని, లైసెన్సు తీసి పెట్టుకున్న గని సొంత తుపాకి లేదు. దీనికి గొట్టం మడిచే కీలు కాడ వెంట్రుకంత సందుంది. కొత్త పిన్ను ఎక్కిస్తే పోతది, అరపూట పని. ఆ ముక్క నేను చెప్పలె. "పెద్దయ్యా, కీలు ఒదులైంది. కాలిస్తే మొకం మీద పేలుతది" అన్న. చీటీల పనికిరాదనే రాసిన.

"మరి మక్కకెట్ల సారూ? బాగు కాదా?" అన్నడు.

పాతది గద అన్న. నాకిస్తే గుర్తుగ గోడకు పెట్టుకుంట అని గూడ అన్న, సిగ్గులేకుంట.

"తుపాకుల డాక్టరువు, నువ్వే చెప్పినంక ఇంకేంది" అని తుపాకి నాకిస్తున్నట్టు రాసిన కాయితం మీద వేలుముద్ర ఏసిండు.

తుపాకి చేతులు మారాలంటే ముందుగాల ఆఫీసుకు రాసియ్యాలె, గడువు ఆగాలె. ఆ గడువంత నిజం చెప్పెటందుకు దొరికిన టైమే. ఒక్కనాడు గూడ చెప్పలె.

నా పేరు మీదికొచ్చిన వారంలనే పిన్ను చేసి ఎక్కించిన. పర్మిషన్ తీసుకొని రేంజిల మట్టికట్టకు అట్ట ఆనిచ్చి కాల్చిన. భుజానికొక గుద్దు, అట్ట నడుమ జల్లెడ. అబ్బ, ఏం తుపాకి! ఆ ఏడాదిల డబ్బాలకు డబ్బాలు తూటాలు కాల్చిన.

మరుసటేడు వానకాలం ఆ ఊరి మీదికెళ్లి పోతుంటే లచ్చయ్య చూసి ఆపిండు. చేన్ల మక్క లేదు, మోకాలెత్తు జామాయిల్ మొక్కలున్నయ్.

"పోయినేడు మక్కంత పందులు దున్నినయ్ సారూ. గీటిని ముట్టయ్. నాలుగేండ్లకు గని కోతకు రాదు, అందాక కూలికి పోతున్న" అన్నడు. డెబ్బై దాటిన మనిషి. నేను బండి స్టార్ట్ చేస్తుంటే హ్యాండిల్ పట్టుకున్నడు. "ఆ తుపాకిని గోడకే ఉండనియ్యి. మనసాగక కాల్చేవు, మొకం పోతది. పిల్లలు గలోనివి."

"అవ్ పెద్దయ్యా" అని బండి కదిలిచ్చిన.

వాపస్ ఇద్దామన్నా నా చీటీతోనే ఆయన లైసెన్సు రద్దయింది. తుపాకి బీరువాల ఉంది, మళ్ల కాల్చలె. ఈ పనిలకొచ్చేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మనసు పడ్డ తుపాకిని నువ్వు తనిఖీ చెయ్యకు. ఆ చీటీ ఇంకొకనితోని రాయించు.