వాఘేఖాడి కొండ

సకల జనుల సమ్మెలో కేసముద్రం స్టేషన్ దగ్గర రైల్‌రోకో పెట్టిన రోజు, తండా ఆడవాళ్లలో అందరికంటే ముందు పట్టాల మీద కూర్చున్నది జమునే. రాష్ట్రం వస్తే తన భర్త తుల్సీరాం పని కోసం దేశాలు పట్టుకుని తిరగనక్కర్లేదని ఆమె నమ్మకం. ఆ ఎండాకాలమే అతను రత్నగిరి వైపు, సముద్రపు ఒడ్డున కొండ తవ్వే పనికి వెళ్లాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అతనితో పనిచేసే మనిషి.

"వదినా, వాఘేఖాడిల కొండ కూలింది. తుల్సీరామన్న కనిపిస్తలేడు."

అంతలో లైను తెగింది. మళ్లీ కలవలేదు.

ఆ ఊరెక్కడో తండాలో ఎవరికీ తెలియదు. జమున సమ్మె శిబిరంలో ఉన్న జగన్మోహన్ సారు దగ్గరికి పరుగెత్తింది. బళ్లో సాంఘికం చెప్పే ఆయన ఆమెను ఇంటికి తీసుకెళ్లి, సర్వేశాఖలో పనిచేసిన తన తండ్రి దాచుకున్న కొంకణ తీరపు పాత పటం మంచం మీద పరిచాడు. గుడ్డకు అతికించిన ఆ కాగితం మడతల దగ్గర పిగిలిపోయింది. భూతద్దంతో చాలాసేపు వెతికి ఒకచోట వేలు పెట్టాడు.

"గిదే జమునా."

సముద్రాన్ని ఎన్నడూ చూడని జమునకు అక్కడ చిక్కుపడిన గోధుమరంగు గీతలే కనిపించాయి.

"గీ గీతలేంది సారూ?"

"కొండ ఎత్తు చెప్పేటియి. గిట్ల ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నయంటే..." ఆయన గొంతు తగ్గింది. "గోడ లెక్క నిలువుగ ఉన్నట్టు. కింద సముద్రమే."

"తొవ్వ లేదా?"

"కాలిబాటే గీసి ఉన్నది. పటం పాతది బిడ్డా, ఇప్పుడు రోడ్డు పడే ఉంటది."

"నన్ను రైలెక్కియ్యి సారూ."

రైళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బస్సులు కూడా డిపోలు దాటడం లేదు. సంగతి తెలిసి పట్టాల మీది ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. కానీ వదలడానికి అక్కడ రైలే లేదు.

రైల్‌రోకో ముగిశాక తమ్ముడు ధన్‌సింగ్‌తో బయలుదేరి, మూడు రైళ్లు మారి ఆమె వాఘేఖాడి చేరింది. కొండ సగం సముద్రంలోకి దిగిపోయి ఉంది. రేకుల షెడ్లు ఖాళీ. కూలీలను ఇంకెక్కడికో తరలించారు. ఇద్దరి శవాలు దొరికాయని, వాటిలో ఆమె మనిషి లేడని, మిగతావాళ్ల పేర్లు తెలియవని కాపలామనిషి హిందీలో చెప్పాడు. జమున అంచున నిలబడి తమ లంబాడీ భాషలో తుల్సీరాంను పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. అలల హోరులో ఆ పిలుపు పక్కనున్న తమ్ముడికే సరిగా వినిపించలేదు.

ఇప్పటికీ ఏ కాగితం రాయించుకోవడానికి వెళ్లినా "నీ పెనిమిటి ఉన్నడా, లేడా?" అని అడుగుతారు.

"పనికి పోయిండు. రాలే," అంటుంది జమున.

రాసేవాళ్లు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు.