పురుగు తిన్న చోట్లతో సహా

డ్రాయింగ్ సార్ పోయారన్న కబురు నాకు శిరివెళ్ల దాటాక బస్సులో అందింది. ఫోన్ చేసింది ఆయన కూతురు. "నాయన పొద్దున పోయినాడన్నా. నంద్యాల ఆస్పత్రిలోనే. ఆళ్లగడ్డకు తెస్తాండాం" అని, ఇంకేమీ అడగనీయకుండా పెట్టేసింది. నేను వేరే వార్త పని మీద ఆళ్లగడ్డకే పోతున్నాను. ఆ వార్త రాయలేదు. సాయంత్రానికి మా పేపరుకు సార్ గురించి నాలుగు లైన్లు పంపాను. విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, వయసు, సర్వీసు, అంత్యక్రియలు ఎక్కడ. మరునాడు అచ్చయింది. అందులో తప్పులేవీ లేవు. ఆయన పదేళ్లు కూర్చుని చేసిన పని కూడా అందులో లేదు. అది ఎందుకు అక్కరకు రాకుండా పోయిందో, అందులో నా పాలు ఎంతో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఆళ్లగడ్డ హైస్కూల్లో చదివినవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటారు. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. కుంచె ముంచగానే ముందు ఆ గోటి మీద గీసి చూసుకునేవారు. పెన్సిల్‌ను బ్లేడుతోనే చెక్కాలి. షార్ప్‌నర్‌తో చెక్కి తెస్తే వెనక్కిచ్చేసేవారు. "బేగా వచ్చిన మొన బేగా ఇరుగుతాది" అనేవారు. నేను గీసిన కుండను చూసి, "కింద కుండ అని రాయప్పా, లేకుంటే తెలీదు" అన్నారు. నేను రాతపనిలోకి వచ్చింది ఆ రోజు నుంచేనని తర్వాత చాలామందికి చెప్పి నవ్వించారు.

తొంభైల మొదట్లో నంద్యాలలో ఇటలీ నుంచి వచ్చిన ఒక ఫాదర్ ఉండేవారు. చర్చిలో బొమ్మలు వేయడానికి సార్‌ను పిలిపించుకున్నారు. ఇద్దరికీ కలిసిన భాష లేదు, కలిసి టీ తాగేవారు. ఫాదర్ తన దేశానికి తిరిగి పోతూ సార్ చేతిలో ఒక పెట్టె పెట్టారు. లోపల తోలు అట్టతో ఒక పుస్తకం. కొన్ని వందల ఏళ్ల కిందట ఇటలీలో తోలు ఆకుల మీద చేత్తో రాసిన పద్యాల పుస్తకానికి అది నకలు. ప్రతి పద్యం మొదటి అక్షరం లోపల ఒక మనిషో, పక్షో, చెట్టో. చుట్టూ తీగలు. బంగారు పూత పూసిన చోట వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగిలేది.

సార్ మొదటిసారి దాన్ని నాకు చూపించినప్పుడు బంగారం సంగతి ఎత్తలేదు. ఒక ఆకు తిప్పి, "ఈడ సూడప్పా" అన్నారు. ఆకులో చిన్న చిల్లు ఉంది. దాంట్లోంచి కింది ఆకు మీది నీలిరంగు కనిపిస్తోంది.

"పురుగు కొట్టింది సార్. గుడ్డలో చుట్టి పెట్టండి."

"ఇది కొత్త పుస్తకమప్పా. పురుగు కొట్టింది అసలు దాన్ని. యాడ కొట్టిందో సూసి, ఈళ్లు అంతే బొక్క కోసినారు. మరకలు గూడా దించినారు. ఏం మనుషులప్పా!"

పుస్తకంతో పాటు ఇంగ్లీషులో ఒక చిన్న వివరణ పుస్తకం ఉంది. అది తెలుగులో చెప్పమని నన్ను కూర్చోబెట్టారు. నకలు ఎలా తీశారో, రంగులు ఎలా సరిచూశారో, బంగారం ఎలా అద్దారో చదివి చెప్పాను. నకలు తీసేవాళ్లు దేన్నీ చేర్చలేదు, దేన్నీ బాగు చేయలేదు అన్న మాట దగ్గర సార్ నన్ను ఆపారు. మళ్లీ చదివించుకున్నారు. చివర్లో సన్న అక్షరాలతో రెండు పేజీలు లైబ్రరీల పేర్లు, అంకెలు ఉన్నాయి. "ఇదేదో జాబితా సార్" అని మూసేశాను. నాకు ఆ రోజు ఒక ప్రెస్‌మీట్ ఉంది.

ఆళ్లగడ్డలో కిరాణా అంగడి నడిపే శెట్టిగారి ఇంట్లో కూడా ఒక పద్యాల పుస్తకం ఉండేది. ఆయన తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆమెను ఊరంతా అవ్వ అనేవాళ్లు. ఆమె ముత్తాత నల్లమల మీద కట్టిన పద్యాలవి. వాగులు, కొండలు, తేనెపట్లు, అడవిలో ఉండే చెంచుల ఇళ్లు. నాటు కాగితం మీద కలంతో రాసి, పక్కన జింకలను, నెమళ్లను రంగులతో వేశారు. ముప్పై ఎనిమిది ఆకులు. అది ఒక్కటే ప్రతి. ఇటలీ పుస్తకం వచ్చేదాకా సార్ దాన్ని ఒకటి రెండుసార్లు చూసి బాగుందన్నారు, అంతే. వచ్చాక నిద్ర పట్టలేదాయనకు. అవ్వ పుస్తకాన్ని పురుగు ఏటేటా కాస్త కాస్త తింటోంది. అది అయిపోయేలోగా నకలు దించాలి.

నంద్యాల నుంచి మందపు కాగితం తెచ్చి టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టారు. ఆళ్లగడ్డ శిల్పుల్లో ఆయనకొక స్నేహితుడు ఉండేవాడు. చిల్లులు కోయడానికి సూదంత ఉలి చేసిమ్మని అతన్ని అడిగారు.

"మేం రాయిలోంచి బొమ్మ తీస్తాం" అన్నాడు శిల్పి. "నువ్వేందప్పా, బొక్కను బొమ్మ జేస్తాండావు?"

"నీ రాయిని పురుగు తినదులేప్పా. నీకేం తెలుస్తాది?" అన్నారు సార్.

ఉలి మాత్రం బాగా చేసిచ్చాడు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని శెట్టిగారింటికి పోయేవారు. పుస్తకాన్ని గడప దాటించడానికి అవ్వ ఒప్పుకోలేదు. నడవలో చాప మీద సార్, గోడకానుకొని అవ్వ. నేను ఆ ఊళ్లో ఉంటే పోయి కూర్చునేవాణ్ణి. అవ్వకు చూపు తగ్గింది, పుస్తకం అవసరం కూడా ఆమెకు లేదు. సార్ ఏ పద్యం రాస్తున్నారో చెబితే, ఆ పద్యం ఎత్తుకునేది. గొంతు గరగరలాడేది కానీ ఎక్కడా ఆగేది కాదు. కాగితంలో చిల్లు ఉన్న చోట కూడా ఆగేది కాదు.

ఒక ఆదివారం జరిగింది నాకు బాగా గుర్తుంది. ఐదో ఆకో, ఆరో ఆకో. సార్ కలం ఆగింది.

"ఏమప్పా సారూ, చెయ్యి నిలబడె?" అంది అవ్వ.

"ఈడ బొక్క ఉందవ్వా. మూడక్షరాలు పోయినాయి."

"పోతే యాడికి పోతాయి? నేను చెప్తా, రాసుకో."

"వద్దవ్వా. కాగితంలో లేనిది నేను రాయకూడదు."

"నా నోట్లో ఉండేది లేనిదెట్లయితాదప్పా?"

శెట్టిగారు అంగడిలోంచి, "సారు పరీక్ష రాస్తాండాడమ్మా, నువ్వు చీటీలు అందీయొద్దు" అని అరిచారు. అందరం నవ్వాం. అవ్వ నవ్వలేదు. "పురుగు తిన్నదాన్ని గూడా దించుతాడంట. తినని దాన్ని మాత్రం రాయడంట" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

తిరిగి వచ్చే దారిలో సార్ నన్ను అడిగారు. "అవ్వ మాట రాయాల్నా, వద్దా? నువ్వు చెప్పు. నీది రాతపని గదా."

నాకు అప్పటికి పన్నెండేళ్ల అనుభవం. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కంటికి కనపడిందే రాయండి సార్. చెవిన పడింది కలిపితే అది నకలు కాదు, పుకారు" అన్నాను. బాగా చెప్పాననుకున్నాను. ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. పక్క కాగితం మీద కూడా రాసుకోలేదు. అవ్వ కొన్నాళ్లు చిల్లు వచ్చిన చోటల్లా గొంతు పెంచి పాడింది. సార్ తల వంచుకుని ఉలితో చిల్లు కోసేవారు. ఆ నడవలో కూర్చున్నన్ని రోజులూ నా సంచిలో టేప్‌రికార్డర్ ఉండేది. నాయకుల మాటలు పట్టుకోవడానికి వాడేవాణ్ణి.

సార్ ఇరవై మూడో ఆకు మీద ఉండగా అవ్వ పోయింది. మిగతా పదిహేను ఆకులు ఆయన పాట లేకుండానే దించారు. వాటిలో చిల్లులు ఎక్కువ. పురుగు కూడా తన పని ఆపలేదు. "పోయిన ఆదివారం ఉండిన అక్షరం ఈ ఆదివారం లేదప్పా" అని ఒకసారి అన్నారు. పని పూర్తయ్యేసరికి ఆయన రిటైరై రెండేళ్లయింది. నకలునూ అసలునూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. ఒక ఆకు మూల అవ్వ వేలిముద్ర నూనెమరకగా పడి ఉంటే అది కూడా దించారు. రెండూ చూశాక శెట్టిగారు తన తువ్వాలు తీసి సార్ భుజం మీద కప్పారు. ఆ పనికి జరిగిన సన్మానం అదొక్కటే.

తర్వాత శెట్టిగారు ఇల్లు పడగొట్టి కట్టించారు. సామాను నంద్యాలలో బంధువుల గోడౌన్‌కు చేర్చారు, పుస్తకం ఉన్న అవ్వ ట్రంకుపెట్టెతో సహా. ఆ ఏడాది వానలకు కుందూ నది నీళ్లు వీధుల్లోకి వచ్చాయి. గోడౌన్‌లో మూడు రోజులు నిలిచాయి. నేను వరద వార్తలు రాస్తూ నంద్యాలంతా తిరిగాను. ఆ గోడౌన్ ముందు నుంచి కూడా పోయాను. ట్రంకు సంగతి నాకు తట్టలేదు. తెరిచేసరికి లోపల ఉన్నది ముద్ద.

సార్ పెద్దగా బాధపడినట్టు కనపడలేదు. "దీనికే గదప్పా దించింది" అన్నారు. నకలును గుడ్డలో చుట్టుకుని, పద్యాలు తెలిసిన ఒక పండితుడి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయారు. అచ్చు వేయించాలని ఆయన ఆశ. పండితుడు మంచి మనిషి. గంటసేపు ఆకులు తిప్పారు. బొమ్మలు చూసి చేతులు జోడించారు. ఆ తర్వాత మెల్లగా చెప్పారు. "పద్యాలు గొప్పవి. కానీ నిండుగా ఉన్న పద్యం ఒక్కటీ లేదు. ఊహించి పూరిస్తే అవి నా పద్యాలవుతాయి. వేరే ప్రతి ఎక్కడైనా ఉందా?"

లేదు. శెట్టిగారిని అడిగాం. "మాయమ్మ పాడేదని గుర్తుంది సార్. ఏం పాడేదో గుర్తు లేదు" అన్నారు. కోయిలకుంట్లలో అవ్వ చెల్లెలు ఉంటే అక్కడికి పోయాం. ఆమెకు రెండు పద్యాల మొదళ్లు వచ్చు. ఆ మొదళ్లు పురుగు తినని చోట్లే.

ఆ తిరుగుడు అయ్యాక ఒకరోజు సార్ ఇటలీ పుస్తకం తీసి, ఆ వివరణ మళ్లీ చదవమన్నారు. ఈసారి చివరిదాకా చదివాను. నేను అప్పట్లో మూసేసిన జాబితా వచ్చింది. ఆ పద్యాలకే చేతిరాత ప్రతులు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఏ ఊళ్లో, ఏ లైబ్రరీలో ఏది ఉందో ఆ రెండు పేజీల్లో రాసి ఉంది. ఈ ప్రతిలో పోయిన మాటలను వాటిని చూసి పూరించి, పద్యాలను విడిగా అచ్చువేశారని, అందుకే ఈ నకలులో చిల్లులను చిల్లులుగా ఉంచగలిగారని కూడా ఉంది. చదవకుండా దాటేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చదివాను.

సార్ బొటనవేలి గోరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ రోజు దాని మీద రంగు లేదు.

"అంటే, పూడ్చుకునేకి వాళ్లకు వేరే పుస్తకాలుండాయి" అన్నారు. "మనకు అవ్వ ఉండె."

నేను ఏదో అనబోయాను. "పా, టీ తాగుదాం" అని లేచారు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. అంటే బాగుండేది. మళ్లీ ఆయన కుంచె పట్టడం నేను చూడలేదు.

పెద్దకర్మ అయిన మరునాడు ఆయన కూతురు నన్ను పిలిచింది. గుడ్డమూటలో నకలు, పెట్టెలో ఇటలీ పుస్తకం, వాటి మీద ఒక పాత నశ్యం డబ్బా.

"ఇది ఏందో తెలీదన్నా. పారేయొద్దని మాత్రం చెప్పినాడు."

మూత తీసి, చాప మీద తెల్లగుడ్డ పరిచి ఒంపాను. కాగితపు ముక్కలు. టీ రంగువి, నూకలంతవి కొన్ని, చింతగింజలంతవి కొన్ని. చిల్లు కోసినప్పుడల్లా ఉలి కింద రాలినవి, ఒక్కటీ పోనీకుండా దాచారు. అవ్వ పాడిన అక్షరాలు పట్టేంత చోటు వాటిలో ఉంది. ఒక్కొక్కటే గోటితో తిప్పి చూశాను. రెండు వైపులా ఖాళీ. నాలుగైదు ముక్కల మీద పెన్సిల్‌తో ఏదో రాసి చెరిపిన గుర్తు ఉంది. వెలుతురు దగ్గరికి తీసుకుపోయి చూసినా ఏ అక్షరమో తెలియలేదు.

"చెమట పడతాంది, ఫ్యాన్ ఏస్తానన్నా" అని ఆ అమ్మాయి స్విచ్ మీద చెయ్యి పెట్టింది.

వద్దన్నాను.